పదకొండు రోజుల పాషా తలపాగా

బహ్తియార్ ఎఫెంది పుట్టింది సమాధి పక్కగదిలో. పెరిగింది సమాధి అరుగు మీద. పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు నడుముపట్టీలో దోపుకున్నది సమాధి తాళంచెవి. మూరెడు పొడవున్న ఆ ఇనుప చెవి పట్టీలోంచి తొంగిచూస్తుంటే, పిల్ల తండ్రి అది కత్తి అనుకుని చాలా మర్యాదగా మాట్లాడాడట. పెళ్ళి కుదిరిపోయాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ పిల్లే హసిబె. ఆ తాళంచెవి సంగతి ఆవిడ జీవితాంతం ఎత్తిపొడుస్తూనే ఉంది.

ఉస్కుదార్ రేవులో పడవ దిగి వాలు వీధి ఎక్కుతూ ఉంటే, సగం దూరంలో ఆయాసం వచ్చి అందరూ ఆగే చోట ఉంది సెర్మెద్ పాషా సమాధి. ఏడు తరాలుగా దాన్ని కనిపెట్టుకుని ఉండే ముజావర్లు బహ్తియార్ ఇంటివాళ్ళే. జీవనం అదే, ఇల్లు అదే, మేం ఫలానా అని చెప్పుకోవడానికి ఉన్నదీ అదే. తాళంచెవి చేతిలో ఉన్నంతకాలం గోడవారనున్న రెండు గదులు వాళ్ళవి. చెవి పోయిందా, గదులు పోయినట్టే.

పాషా గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఈ ముజావరు కథ అర్థం కాదు. రెండొందల ఏళ్ళ కిందట సెర్మెద్ పాషా సుల్తానుగారికి ప్రధాన వజీరు. సరిగ్గా పదకొండు రోజులు. అంతకుముందు నలభై ఏళ్ళు చిన్నా పెద్దా కొలువులు చేసి ఎవరికీ శత్రువు కాకుండా బతికాడు. దానికి కారణం మంచితనమని కొందరంటారు గానీ, నోరు ఎప్పుడూ తిండితో నిండి ఉండడమే కారణమని నా నమ్మకం. ఆయన వంటవాడు తోసున్ ఉస్తా, బోలు అనే కొండసీమ నుంచి వచ్చినవాడు. ఆ చేతి పిలావు లేకుండా పాషా ఒక్క పూట గడిపింది లేదు. వజీరయిన పదకొండో రోజున సరిహద్దు నుంచి రౌతు ఒకడు గుర్రానికి చెమటలు పట్టేలా దౌడు తీయించి వచ్చి, సభలో మోకాళ్ళ మీద పడి, "ప్రభూ, కోట పోయేలా ఉంది!" అని మొత్తుకున్నాడు. పాషా చెయ్యెత్తి, "కూర్చో నాయనా, పిలావు దమ్ము మీద ఉంది. ఇప్పుడు మూత తీస్తే మెతుకు చెడిపోతుంది," అన్నాడు. ఈ మాట సుల్తాను చెవిన పడేసరికి పిలావు ఇంకా కాలేదు, పదవి మాత్రం అయిపోయింది. తల దక్కింది. ఆ రోజుల్లో అదేమీ చిన్న విషయం కాదు.

పదవి పోయాక పాషా, తోసున్‌ను వెంటబెట్టుకుని ఉస్కుదార్ చేరి, మిగిలిన ఆయుష్షంతా తన సమాధి కట్టించుకోవడంలో గడిపాడు. వజీరుగిరీ పదకొండు రోజులైతే సమాధికి పదకొండేళ్ళు పట్టింది. మేస్త్రీ జుట్టు పీక్కున్నాడు. గుమ్మటం దబరా మూతలా ఉండాలన్నాడు పాషా. మూతకి పిడి ఉండాలి కదా అని పైన ఇత్తడి కలశం కూడా గుండ్రంగా, చేత్తో పట్టుకోవడానికి వీలుగా చేయించాడు. గోడలు ఎనిమిది, కిటికీలు ఎనిమిది, అన్నీ ఒకటే కొలత, ఒకటే ఇనుప చట్రం. లోపల నిలబడి కళ్ళు మూసి ఒక్క చుట్టు తిరిగితే ఎటువైపు చూస్తున్నామో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక కిటికీ సముద్రం వైపు, దాని ఎదుటిది వీధిలో చలివేంద్రం వైపు. ఇక తలుపులు రెండు. ఒకటి వీధిలోకి, రెండోది సరిగ్గా దానికి ఎదురుగా తోటలోకి. "సమాధికి రెండు తలుపులెందుకు పాషా?" అని మేస్త్రీ అడిగితే, "వంట ఎటునుంచి వస్తుందనుకున్నావ్?" అన్నాడట.

లోపల చెక్కపెట్టెలు రెండే. మనుషులు నేల కింద ఉంటారు, పైన కనిపించేవి పచ్చబట్ట కప్పిన ఖాళీ పెట్టెలు. ఒకటి పాషాది, ఒకటి తోసున్ ఉస్తాది. రెండూ ఒకే పొడవుండాలని పాషా ఆజ్ఞ. బేగం పెట్టె లేదేమని అడక్కండి. బతికినన్నాళ్ళూ ఆ ఇద్దరి మధ్యా కూర్చుని తిన్నాను, చచ్చాక కూడానా అని ఆవిడ వేరే ఊళ్ళో వేరే సమాధి కట్టించుకుంది. ఉన్న రెండింటిలో ఎవరిది ఏదో తెలిసేది తల దగ్గరున్న గుర్తును బట్టే. వజీరు తలపాగా గుమ్మడికాయంత, తెల్లటి మల్లుబట్ట చుట్టి, మీద బంగారు పట్టీ. వంటవాడిది మామూలు ఉన్ని టోపీ.

ఏటా రంజాన్‌కు ముందు ముజావరు ఈ రెండింటినీ బయటికి తీసి, మల్లుబట్ట విప్పి ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, మళ్ళీ చుట్టి పెట్టాలి. టోపీని బెత్తంతో దులపాలి. బహ్తియార్ తండ్రి ఆ పని నలభై ఏళ్ళు చేసి, పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క ముక్క చెప్పాడు. "లోపలికి అడుగు పెట్టగానే కుడిచేతి వైపు పాషా. మరిచిపోకురా."

బహ్తియార్ మరిచిపోలేదు. అదే వచ్చిన చిక్కు. తండ్రి పోయిన మొదటి ఏడు, ఇరవై ఏడేళ్ళ వయసులో, తలపాగానీ టోపీనీ వీధి తలుపులోంచి బయటికి తీసుకెళ్ళాడు. హసిబె ఉతికి తోటలో ఆరేసింది. వాన మొదలైంది. బట్ట తడవకుండా గబగబా చుట్టేసి, దగ్గరగా ఉంది కదా అని తోట తలుపులోంచి లోపలికి దూరి, తండ్రి ఆఖరి మాట తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, కుడిచేతి వైపు పెట్టెమీద భక్తిగా తలపాగా పెట్టాడు. ఎడమవైపు పెట్టెమీద టోపీ పెట్టాడు. ఎదురు తలుపులోంచి వస్తే కుడి ఎడమవుతుందన్న ఆలోచన ఆ బుర్రలో మెదల్లేదు.

మధ్యాహ్నం వాన వెలిసి, సముద్రం వైపు కిటికీలోంచి ఎండ లోపలికి పడింది. తండ్రి ఉన్నప్పుడు ఆ ఎండ పాషా బంగారు పట్టీ మీద పడి మెరిసేది. ఇప్పుడు ఉన్ని టోపీ మీద పడింది. అప్పుడు గానీ తట్టలేదు బహ్తియార్‌కి. పరుగున వెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు.

"కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కుని సాయంత్రందాకా తిరిగే మనిషివి," అంది హసిబె. "పో, ఎవరూ చూడకముందే మార్చిరా."

మార్చేవాడే. కానీ వీధిలోంచి గుల్ఫిదాన్ కేక వినిపించింది. గుల్ఫిదాన్ అంటే పక్క సందులో ఉండే బొగ్గుల దుకాణం ఆయన భార్య. మొగుడు మూడేళ్ళుగా ఆవిడతో మాట్లాడ్డం లేదు. వంకాయలు వేయించే ముందు ఉప్పు రాసి నానబెట్టాలా అక్కర్లేదా అన్న దగ్గర వచ్చిన తగువు అది. ఆ పొద్దున్నే వానలో ఆవిడ చలివేంద్రం కిటికీ దగ్గర నిలబడి, తలపాగా వైపు చూస్తూ ఇనుప చట్రానికి గుడ్డపీలిక కట్టి, "పాషా, ఆ మనిషి నోటివెంట ఒక్క మాట రప్పించు," అని మొక్కుకుంది.

"పలికాడమ్మోయ్!" అని ఇప్పుడు వీధంతా వినపడేలా అరుస్తోంది గుల్ఫిదాన్. "భోజనానికి కూర్చుని పలికాడు! 'ఉప్పు తక్కువైంది' అన్నాడు! మూడేళ్ళకి!"

ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. రెండొందల ఏళ్ళలో సెర్మెద్ పాషా ఎవరి మొక్కూ తీర్చిన పాపాన పోలేదు. చెవిటి పాషా అని పిల్లలు కూడా ఆడిపోసుకునేవాళ్ళు. అందుకే ఆయన తలపాగా ఎటువైపుందో పట్టించుకున్నవాళ్ళూ లేరు. అలాంటిది ఇవాళ పలికాడు. సాయంత్రానికి చలివేంద్రం కిటికీ ముందు ముప్పైమంది పోగయ్యారు. ముప్పైమంది కళ్ళూ తలపాగా మీదే. ఇక దాన్ని కదిపేదెలా?

మర్నాడు మారుద్దామనుకున్నాడు. మర్నాడు అరవైమంది వచ్చారు. ఆ వారంలో ఒక కోడలి రొట్టెపిండి మొదటిసారి పొంగింది. ఒక పడవవాడికి సముద్రపు వాంతులు తగ్గాయి. నెల తిరిగేసరికి బహ్తియార్ మారుద్దామన్న ఊసు మానేశాడు. అలా పందొమ్మిదేళ్ళు గడిచాయి. ఏటా ఉతకడం, ఏటా తోట తలుపులోంచే లోపలికి రావడం, ఏటా కుడిచేతి వైపే పెట్టడం. జనం మొక్కులు తీరుతున్నాయి, పిడికెడు బియ్యం తెచ్చి కిటికీ గట్టున పోస్తున్నారు, పిచ్చుకలు బలిశాయి.

కానీ బహ్తియార్ మనసు మాత్రం కుదుటపడలేదు. రోజూ పొద్దున్నే తాళం తీయగానే ఉన్ని టోపీ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఫాతిహా ప్రార్థన చదివి, "పాషా, మన్నించు. మహానుభావుడివి, నీ నెత్తిన వంటవాడి టోపీ పెట్టాను. నా పీక మీదికి వస్తుందని భయపడి మార్చలేకపోతున్నాను. మన్నించు," అని గొణిగేవాడు. జ్వరం వచ్చినా సరే, హసిబె భుజం ఆసరాగా వచ్చి మన్నించమని అడిగి వెళ్ళేవాడు. ఆ మనిషి నిజంగా బాధపడ్డాడు. నవ్వొచ్చే బాధే అనుకోండి, అయినా బాధే.

ఇరవయ్యో ఏడు రంజాన్ ముందు, పాషా వంశంలో మిగిలిన పెద్దావిడ మెవ్‌హిబె హానం దగ్గర్నుంచి ఆవిడ గుమాస్తా వచ్చాడు. అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, మీసం తుడుచుకుని అప్పుడు చెప్పాడు.

"పాత భోషాణం అడుగున పాషాగారి చేతిరాత వీలునామా దొరికింది. గురువారం పొద్దున అమ్మగారు స్వయంగా వస్తున్నారు. అందులో రాసినట్టే ఇక్కడ జరుగుతోందో లేదో చూస్తారట. తేడా ఉంటే తాళంచెవి తీసేసుకుంటారు."

బహ్తియార్ ఖాళీ కప్పు అందుకున్నాడు. "ఏం రాశారందులో?"

"నా కళ్ళకి ఆనలేదు. ఏదో తలపాగాల సంగతట."

ఆ మాటతో బహ్తియార్‌కి పట్టపగలే చుక్కలు కనిపించాయి. గుమాస్తా వీధి మలుపు తిరగ్గానే ఇంట్లోకి వచ్చి చతికిలబడ్డాడు.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్," అంది హసిబె. "పొరపాటు జరిగిందను. నీ మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

"నమ్మి చెవి లాక్కుంటారు! ఏడు తరాలే! మా నాన్న ఆఖరి మాటే!"

"మీ నాన్న ఏ తలుపులోంచి రావాలో కూడా చెప్పి పోవాల్సింది. ఇప్పుడు మారిస్తే ఆ ఆడవాళ్ళు నిన్ను బతకనిస్తారా?"

బహ్తియార్ ఆ మాట చెవిన వేసుకోలేదు. గురువారం తెల్లవారగానే నమాజు ముగించుకుని, తలుపులు రెండూ బిగించుకుని, తలపాగాని రెండు చేతులా ఎత్తాడు. "ఉస్తా, ఏమనుకోకు, ఇన్నాళ్ళూ నీ చలవే," అని వంటవాడికి చెప్పుకున్నాడు. సముద్రం వైపు పెట్టెమీద తలపాగా పెట్టి, చలివేంద్రం వైపు పెట్టెమీద టోపీ పెట్టాడు. పందొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరిది వాళ్ళకి చేరింది, ఇక భయమేముంది అనుకున్నాడు పాపం.

కాసేపటికి చలివేంద్రం కిటికీ దగ్గర గుల్ఫిదాన్ గొంతు లేచింది. "బహ్తియార్ ఎఫెందీ! మా పాషా ఏడీ? ఇక్కడ ఈ టోపీ ఏంటి?"

బహ్తియార్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "పాషాకి… సముద్రపు గాలి కావాలనిపించినట్టుంది."

"రెండొందల ఏళ్ళు లేని ఉక్క ఇవాళే పుట్టిందా? చచ్చినాయన లేచి పక్కకి జరిగాడా?"

"నా మొక్కు సగంలో ఉందయ్యా!" అని ఇంకొకావిడ లబోదిబోమంది. "నా కోడలికి నెలలు నిండాయి, ఇప్పుడు పాషాని జరుపుతావా?"

ఇంతలో గుర్రబ్బండి వచ్చి ఆగింది. మెవ్‌హిబె హానం దిగింది. ఎనభై ఏళ్ళ మనిషి, చేతికర్ర ఒకటి, భూతద్దం ఒకటి. ఆడవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు గానీ గొణుగుడు ఆపలేదు. ఆవిడ గుమాస్తాతో లోపలికి వచ్చి రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసి, వీలునామా విప్పి, భూతద్దం పెట్టి గట్టిగా చదివింది.

"నేను సెర్మెద్‌ని. పదకొండు రోజులు వజీరుని, అరవై ఏళ్ళు తిండిపోతుని. నన్ను సముద్రం వైపు పడుకోబెట్టండి. తోసున్‌ని చలివేంద్రం వైపు పడుకోబెట్టండి, దాహానికి వచ్చినవాళ్ళకి దగ్గరగా ఉంటాడు. నా తలపాగా తోసున్ పెట్టెమీద పెట్టండి. అతని టోపీ నాకివ్వండి. ఆ తలపాగా నా నెత్తిన ఉన్న పదకొండు రోజులూ తలనొప్పే. జనం ఎలాగూ తలపాగాకే మొక్కుతారు. అది ఉన్నచోట, చెప్పింది వినే మనిషి ఉండాలి కదా. నేను ఎవరి మొరా విన్నది లేదు, నోట్లో ఎప్పుడూ మెతుకులే. తోసున్ గరిట తిప్పుతూ అందరి గోడూ వినేవాడు. ఈ మాట పాటించని ముజావరు చేతిలో తాళంచెవి ఉంచవద్దు."

చదవడం ముగిసేసరికి గుల్ఫిదాన్ సైతం నోరు మూసుకుంది, అది పాషా మహిమల్లో అన్నిటికన్నా పెద్దదని తరవాత అందరూ ఒప్పుకున్నారు.

మెవ్‌హిబె హానం తలపాగాని చూసింది. సముద్రం వైపు ఉంది. టోపీని చూసింది. చలివేంద్రం వైపు ఉంది. చెయ్యి చాపింది.

"చెవి ఇలా ఇవ్వు నాయనా. ఏడు తరాలుగా ఆయన మాట తీసి గట్టున పెట్టారన్నమాట."

బహ్తియార్ చెయ్యి నడుముపట్టీ మీదికి వెళ్ళి అక్కడే బిగుసుకుపోయింది. గదులు కళ్ళముందు మెదిలాయి. తోటలో హసిబె బట్టలారేసే తీగ మెదిలింది. దుఃఖం తన్నుకొచ్చింది. దాంతోపాటు నిజమూ వచ్చేసింది.

"అమ్మగారూ, నిన్నటిదాకా సరిగ్గానే ఉందండీ! పందొమ్మిదేళ్ళుగా సరిగ్గానే ఉంది! ఇవాళ పొద్దున్నే తప్పు పెట్టాను!"

"ఎందుకు పెట్టావు?"

"తప్పు సరిదిద్దుదామనండీ."

"ఏ తప్పు?"

"అదేనండీ… సరిగ్గా ఉన్న తప్పు."

ఆవిడ భూతద్దం ఎత్తి అతని మొహాన్ని పరీక్షించింది. "పోనీ, పందొమ్మిదేళ్ళ కిందట సరిగ్గా ఎందుకు పెట్టావు?"

"పొరపాటునండీ."

"నాతో వేళాకోళమా?"

అప్పటిదాకా తోట తలుపు దగ్గర నిలబడి ఉన్న హసిబె లోపలికి వచ్చింది. "వేళాకోళం ఆడేంత తెలివి ఈయనకి లేదమ్మా. పాతికేళ్ళ కాపురం, నేను పూచీ. కావాలంటే కిటికీలు చూడండి."

మెవ్‌హిబె హానం కర్ర తాటించుకుంటూ సముద్రం వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి ఇనుప చట్రం మీద వేలు పెట్టి రాసింది. వేలికి తుప్పు అంటింది. మెల్లిగా ఎదుటి కిటికీ దగ్గరికి వచ్చింది. చలివేంద్రం వైపు చట్రం పందొమ్మిదేళ్ళ చేతుల రాపిడికి నున్నబడి తళతళలాడుతోంది. కిందికంటా గుడ్డపీలికలు. గట్టున బియ్యపు గింజలు, బలిసిన పిచ్చుకలు. అవతల చట్రం పట్టుకుని గుల్ఫిదాన్.

"మా పాషా… అదే, మా తోసున్ ఉస్తా ఎప్పుడూ ఇక్కడే ఉండేవాడు తల్లీ," అంది గుల్ఫిదాన్. "మా ఆయన చేత మాట్లాడించింది ఆయనే. ఉప్పు సంగతి కదా, వంటవాడికి గాక ఎవరికి తెలుస్తుంది?"

మెవ్‌హిబె హానం నవ్వు ఆపుకోలేకపోయింది. ఎనభై ఏళ్ళ భుజాలు కదిలిపోయాయి, భూతద్దం జారి గుమాస్తా కాలి మీద పడింది. "వీలునామా భోషాణం అడుక్కి తోసింది మా వాళ్ళే అయ్యుంటారు. వజీరు తలపాగా వంటవాడికా అని నామోషీ పడి ఉంటారు. పాటించింది నువ్వొక్కడివే, అదీ తెలియక. చెవి నీ దగ్గరే ఉండనీ. ముందు ఆ తలపాగా మార్చు." బహ్తియార్ అక్కడికక్కడే చెయ్యి చాపబోతే కర్ర అడ్డం పెట్టింది. "ఆగు. నీ మీద నమ్మకం లేదు, నీ పొరపాటు మీద ఉంది. వీధి తలుపులోంచి పట్టుకుపో. చుట్టూ తిరిగి తోటలోంచి రా. కుడిచేతి వైపు పెట్టు."

బహ్తియార్ తలపాగానీ టోపీనీ ఎత్తుకుని వీధిలోకి వెళ్ళి, గోడ చుట్టూ తిరిగి, తోట తలుపులోంచి వచ్చి, కుడిచేతి వైపు తలపాగా, ఎడమవైపు టోపీ పెట్టాడు. వీధిలో ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే తాళం తీసి లోపలికి వెళ్ళాడు. ఫాతిహా చదివాడు. ఉన్ని టోపీ ముందు చేతులు కట్టుకుని, "పాషా, మన్ని…" అని నోరు తెరిచి ఆగిపోయాడు. ఒళ్ళు మండింది.

"పందొమ్మిదేళ్ళు!" అన్నాడు. "రోజూ మన్నించమని అడిగించుకున్నావు. జ్వరంలో కూడా వచ్చి అడిగాను. నాకిదే కావాలిరా నాయనా, వెళ్ళి పడుకో అని ఒక్కసారి కల్లోకొచ్చి చెప్పలేకపోయావా?"

అడిగింది చెవిటి పాషాని కదా. బహ్తియార్ వెళ్ళబోయి ఆగాడు. అడగడానికి మన్నింపు లేదు. చెప్పకుండా వెళ్ళిపోతే ఏదో వెలితిగా ఉంది. తోట తలుపులోంచి హసిబె వంటింటి వాసన వస్తోంది. పెట్టె వైపు కాస్త వంగి, ఆ రోజు మొదలుకొని తాను పోయేదాకా ఏ ఒక్క పొద్దునా మానకుండా చెప్పిన వంట కబురు మొదటిసారి చెప్పాడు.

"ఇవాళ వంకాయ, పాషా. ఉప్పు రాసే నానబెట్టింది. పిలావు దమ్ము మీద ఉంది."